సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి జీవితము

మహాపురుషుల చరిత్రలు చదువుట వలన మనస్సునకు ధైర్యమును, నడవడికి మార్గమును లభించునని పెద్దలు చెప్పుదురు. అయితే మహాపురుషులనగా రాజులు, సేనానులు, కవులు మాత్రమే కారు. పగటివేళ తరగతిలో పాఠము చెప్పి, సాయంకాలమున పిల్లలను మైదానమునకు తోడ్కొనిపోయి బంతి తన్నుట నేర్పిన ఒక బడిపంతులు సైతము దేశమునకు కీర్తి తేగలడు. ఇందులకు హైదరాబాదు వాస్తవ్యులగు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి జీవితమే తార్కాణము. ఆసియా ఖండమున భారతదేశపు ఫుట్‌బాల్ జట్టు రెండు పర్యాయములు బంగారు పతకమును గెలుచుకొనెను. ఆ రెండు పర్యాయములును ఆ జట్టునకు గురువు వీరే. మన చోడవరములో చెఱకు తోటల ప్రక్క ఖాళీ నేలలలో వట్టి కాళ్లతో బంతి తన్నుకొను బాలురకును, వారిని చూచి చదువు చెడునేమో యని చింతించు తలిదండ్రులకును ఈ చరిత్ర ఉపయోగపడునని తలచి దీనిని వ్రాయుచున్నాము.

రహీమ్ గారు 1909వ సంవత్సరము ఆగష్టు నెల 17వ తేదీని హైదరాబాదు నగరమున జన్మించిరి. ఆ కాలమున ఫుట్‌బాల్ ఆట మన దేశమునకు క్రొత్తది. ఇంగ్లీషు పటాలములు ఎక్కడ విడిసియుండెనో అక్కడ ఆ యాట వ్యాపించెను. హైదరాబాదునకు ఆనుకొనియున్న సికిందరాబాదు దండుప్రదేశమున తెల్ల సిపాయీలు ఆడుచుండగా పరిసరముల బాలురు కంచెల వెలుపల నిలిచి చూచి నేర్చుకొనిరి. రహీమ్ గారికి రెండేండ్లు నిండబోవుచున్న తరుణమున, 1911వ సంవత్సరము జూలై నెలలో, కలకత్తా నగరమున మోహన్ బగాన్ అను స్వదేశపు జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ అను తెల్ల పటాలమును ఓడించి ఐ. ఎఫ్. ఏ. షీల్డును గెలిచెను. బూట్లు తొడిగినవారిని దాదాపు అందరును వట్టి కాళ్లతో నాడిన జట్టు జయించెనను వార్త దేశమంతటను ప్రాకెను. ఫుట్‌బాల్ దొరల యాట మాత్రమే కాదనియు, మనవారును దానియందు ఘనత సంపాదింపవచ్చుననియు జనులు ఆనాటినుండి నమ్మసాగిరి. అట్టి కాలమున రహీమ్ గారు పెరిగిరి.

చదువును, ఆటయు వారికి రెండు కన్నులవలె నుండెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రులైరి. ఆ విశ్వవిద్యాలయపు జట్టున ఆడిరి. సిటీ కాలేజీలో చదువుచున్న విద్యార్థులును, చదివి వెడలిన విద్యార్థులును కూడి ఏర్పఱచుకొనిన జట్టులోను, పిమ్మట కమర్ క్లబ్బు అను ప్రసిద్ధమైన స్థానిక జట్టులోను వారు ఆటగాడుగా పేరు పొందిరి. అయినను వారి కీర్తికి ఆధారము కాళ్ల నేర్పు కాదు. ఇతరుల ఆటను పరికించి, దానిలోని గుణదోషములను కారణములతో కూడ విడదీసి చెప్పగల బుద్ధియే వారిని తక్కిన ఆటగాండ్రనుండి వేఱుపఱచెను.

చదువు ముగిసిన పిదప వారు ఉపాధ్యాయవృత్తిని చేపట్టిరి. కాచిగూడ మిడిల్ స్కూలు మొదలుకొని చాదర్‌ఘాట్ హైస్కూలు వఱకు నగరమందలి పలు పాఠశాలలలో పనిచేసిరి. వ్యాయామశిక్షణలో డిప్లొమా పొంది, పాఠశాలలలోని ఆటల భారమును తామే వహించిరి. ఇక్కడ మనము ఒక విషయమును గమనింపవలెను. ఆ దినములలో ఆటలు నేర్పు ఉపాధ్యాయునకు గౌరవము స్వల్పము. పిల్లలను వరుసలో నిలిపి, చేతులెత్తించి దింపించి, గంట కొట్టగానే పంపివేయుటతో ఆ పని ముగిసినట్లు తలచుచుండిరి. రహీమ్ గారు అట్లు తలపలేదు. లెక్కలకు ఎట్లు మొదటి సూత్రము, రెండవ సూత్రము అని క్రమముండునో ఫుట్‌బాలునకును అట్టి క్రమముండునని వారి విశ్వాసము. పాఠము రానివానిని కొట్టుట వలన పాఠము రాదు. ఏ మెట్టున వాడు తప్పిపోయెనో కనిపెట్టి ఆ మెట్టును మరల ఎక్కింపవలెను. ఈ బోధనాక్రమమునే వారు మైదానమునకు కొనిపోయిరి.

1943వ సంవత్సర ప్రాంతమున రహీమ్ గారు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియైరి. తుదివఱకు ఆ బాధ్యతను నిర్వహించిరి. అప్పటి మన ఆట ఎట్లుండెనో చెప్పుట అవసరము. ఇంగ్లీషు సిపాయీలను చూచి నేర్చుకొనినవారు గనుక మనవారును బంతిని బలముగా ఆకాశమునకు తన్ని దాని వెంట పరుగెత్తుచుండిరి. ఎత్తరులు, బలశాలులు, బూట్లు తొడిగినవారు అయిన సిపాయీలకు ఆ పద్ధతి తగినదే. పొట్టివారు, తేలికవారు, వట్టి కాళ్లవారు అయిన మన బాలురకు అది తగదు. గాలిలోని బంతి పొడుగువానికే చిక్కును. నేలమీది బంతికి పొడుగుతో పనిలేదు. కావున బంతిని నేలమీదనే యుంచి, దగ్గఱనున్న తోటివానికి అందించి, అందించిన వెంటనే ఖాళీ చోటికి కదలి మరల అందుకొనవలెనని రహీమ్ గారు బోధించిరి. వినుటకు ఇది సులువుగా తోచును. ఆడుటకు మాత్రము సులువు కాదు. బంతి దొరికినవాడు తన గొప్పను చూపింపక తోటివాని చోటును చూడవలెను. అనగా ముందుగా స్వార్థమును విడువవలెను.

ఆ యలవాటును పుట్టించుటకై వారు చేసిన యుక్తులు ఉపాధ్యాయులందఱును తెలిసికొనదగినవి. ఉపన్యాసముల వలన అలవాట్లు మాఱవని వారెఱుగుదురు. కావున ఆట నియమములనే మార్చి పోటీలను ఏర్పాటు చేసిరి. ఒక విధమైన పోటీలో ఎవడును బంతిని తనయొద్ద నిలుపుకొని ఎదుటివారిని తప్పించుకొనుచు పోరాదు. డ్రిబ్లింగు నిషిద్ధము; బంతి రాగానే ఇంకొకనికి అందింపవలసినదే. ఈ పోటీలాడిన బాలుడు బంతి రాకమునుపే దానిని ఎవరికి పంపవలెనో ఆలోచించుటకు అలవడెను. కన్ను కాలికంటె ముందు పనిచేయసాగెను.

మఱియొక పోటీలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెను. సాధారణముగా ప్రతివానికిని ఒక కాలు వశమైయుండును, రెండవది కేవలము నిలుచుటకే పనికివచ్చును. ఎదుటి జట్టువాడు ఆ సంగతిని కనిపెట్టెనా, వానిని ఒక ప్రక్కనే అడ్డగించి సులభముగా ఆపివేయును. సాధనలో ఎడమకాలిని వాడుమని వేయిసార్లు చెప్పినను బాలుడు కుడికాలినే ముందుకు చాచును. ఏలయన ఓడిపోవుదునను భయము. అందఱును బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలో ఆ భయము లేదు. అందఱును సమానముగా తడబడుదురు, సమానముగా నవ్వుకొందురు, సమానముగా నేర్చుకొందురు. బలహీనతను దాచిపెట్టుకొనక దానినే సాధన చేయవలెనను నీతిని ఇంతకంటె చక్కగా బోధించు పాఠము మాకు తెలియదు.

ఇంకొక విధమైన పోటీ పొట్టివారి కొఱకు ఏర్పడినది. నిర్ణీతమైన ఎత్తునకు లోబడిన బాలురే అందాడవలెను. పెద్దవారి నడుమ నలిగిపోయి, తాము పనికిరామని తలచి ఇంటికి పోవు చిన్న బాలురకు ఇది గొప్ప ప్రోత్సాహము. తమ యీడువారితో, తమ ఎత్తువారితో ఆడినపుడు వారి నేర్పు బయటపడెను. ఈ చిన్న పోటీలకు పెద్ద ధనము అక్కఱలేదు. ఒక బంతి, ఒక మైదానము, నియమము తప్పనీయని ఒక పెద్దమనిషి యున్న చాలును. ఇట్లు హైదరాబాదు వీథులలోనుండియు పాఠశాలలలోనుండియు ఆటగాండ్రు తండోపతండములుగా తయారగుచుండిరి.

పేద బాలుర విషయమున రహీమ్ గారి శ్రద్ధ ప్రత్యేకమైనది. సికిందరాబాదు సమీపముననున్న అమ్ముగూడ గ్రామమున తులసీదాస్ బలరామ్ అను బాలుడుండెను. వాని కుటుంబము మిక్కిలి బీదది. వాని ఆటను చూచిన రహీమ్ గారు సాధనకు రమ్మని పిలిచిరి. అమ్ముగూడనుండి హైదరాబాదు మైదానమునకు చాల దూరము. బాలునికి సైకిలు లేదు, కొనుటకు దారియు లేదు. రహీమ్ గారు అద్దె సైకిలునకు కావలసిన డబ్బు తామే ఇచ్చి వానిని రప్పించుకొనిరి. అద్దె సైకిలుపై వచ్చిన ఆ బాలుడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లెను. 1960లో రోము నగరమున హంగేరీ వంటి మహాజట్టుపై గోలు కొట్టెను. 1962లో అర్జున బహుమానమునందుకొనెను. బలరామ్ గారు 2023వ సంవత్సరమున స్వర్గస్థులైరి. ఆనాడు ఆ సైకిలు అద్దె దొరకకున్నచో దేశము ఆ యాటగానిని ఎఱిగియుండెడిది కాదు. మన ఊళ్లలో అట్టి బాలురు ఎందఱు కంటబడక పోవుచున్నారో తలిదండ్రులును, ఉపాధ్యాయులును ఆలోచింపవలెను.

హైదరాబాదు నగర పోలీసు జట్టు రహీమ్ గారి శిక్షణకు నిలువుటద్దము. పోలీసు కొలువు దొరకుట వలన పేద ఆటగానికి నెల జీతమును, కుటుంబమునకు అన్నమును లభించెను. సాధనకు నిశ్చింత కలిగెను. 1950వ సంవత్సరము మొదలు 1954 వఱకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయిలోని రోవర్స్ కప్పును ఈ జట్టే గెలుచుకొనెను. 1888లో ప్రారంభమైన డ్యూరండు కప్పు మన దేశపు పోటీలలో మిక్కిలి పురాతనమైనది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1950లో దానిని ఢిల్లీలో మరల జరుపగా, మోహన్ బగాన్ జట్టునే ఓడించి హైదరాబాదు పోలీసులు దానిని కైవసము చేసికొనిరి. ఫుట్‌బాల్ అనిన కలకత్తాయే యను మాట ఆనాటితో సడలెను. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని సైతము హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరములలో వరుసగా గెలిచెను.

ఇట్టి గురువును దేశము గుర్తింపక పోలేదు. 1951వ సంవత్సరమున మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగినపుడు రహీమ్ గారు భారతజట్టునకు శిక్షకులైరి. తుదిపోటీలో మనవారు ఇరాను జట్టును ఒక్క గోలుతో జయించి బంగారు పతకమును పొందిరి. ఆ గోలు కొట్టినవారు సాహూ మేవాలాల్ గారు.

అయితే మఱుసటి ఏడే ఘోరమైన పరాభవము కలిగెను. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు మనపై పది గోళ్లు చేసెను. మనవారు చేసినది ఒక్కటి. ఆ చలిదేశమున మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. ఇట్టి ఓటమి తర్వాత కొందఱు ఆటగాండ్రను నిందింతురు, కొందఱు విధిని నిందింతురు. రహీమ్ గారు రెండును చేయలేదు. బూట్లు తప్పనిసరి కావలెనని దేశపు ఫుట్‌బాల్ సంఘము నిర్ణయించెను. వట్టి కాళ్లకు అలవడినవారికి బూట్లతో నాడుట నేర్పు పని గురువులపై పడెను. అంతేకాక, ఆ క్రీడలలో బంగారు పతకము గెలిచిన హంగేరీ జట్టువారి నేర్పును రహీమ్ గారు శ్రద్ధగా పరిశీలించిరి. ముందువరుసలో నడుమనుండు ఆటగాడు కొంచెము వెనుకకు దిగి ఆడినచో, వానిని కాచువాడు వాని వెంట రావలెనో, తన చోటనే నిలువవలెనో తోచక చిక్కుపడును. ఆ సందున ఇతరులు దూసికొనిపోవుదురు. ఈ పద్ధతిని వారు మనవారికి అలవఱచిరి. ఓడించినవారి నుండియు, గెలిచినవారి నుండియు సమానముగా నేర్చుకొనిన గురువు వారు.

దాని ఫలము నాలుగేండ్లలో కనబడెను. 1956లో మెల్‌బోర్న్ నగరమున భారతజట్టు ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియా జట్టునే 4-2 గోళ్లతో ఓడించెను. నెవిల్ డిసౌజా గారు ఒక్కరే మూడు గోళ్లు చేసిరి. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఒకే పోటీలో మూడు గోళ్లు చేసిన మొదటి ఆసియావాసి వారే. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. అక్కడ యుగోస్లావియాపై ముందుగా గోలు చేసినది మనవారే యైనను తుదకు 4-1 తో ఓడి, పిమ్మట బల్గేరియా చేతను ఓడి నాల్గవ స్థానమున నిలిచిరి. పది గోళ్లతో ఓడిన జట్టు నాలుగేండ్లకు అదే ప్రత్యర్థి యెదుట ముందంజ వేసెనన్న నది ఎంతటి శిక్షణయో ఊహింపవచ్చును. 1960లో రోమునందును ఫ్రాన్సు జట్టుతో 1-1 గా సమానముగా నాడిరి.

1962వ సంవత్సరము రహీమ్ గారి జీవితమున మిక్కిలి గొప్పదియు, మిక్కిలి దుఃఖకరమైనదియు. అప్పటికే వారి దేహమును క్యాన్సరు వ్యాధి తినివేయుచుండెను. ఆ స్థితిలోనే వారు ఆసియా క్రీడలకై జట్టును వెంటబెట్టుకొని జకార్తా నగరమునకు పయనమైరి. మొదటి పోటీలోనే మనవారు దక్షిణ కొరియా చేత 2-0 గా ఓడిరి. తర్వాత థాయిలాండును 4-1 గా గెలిచిరి గాని, ఆ పోటీలో రక్షణకు మూలస్తంభమగు జర్నయిల్ సింగ్ గారి తల పగిలి కుట్లు పడెను. జపానును 2-0 గా, దక్షిణ వియత్నామును 3-2 గా జయించి తుదిపోటీకి చేరిరి. అక్కడ ఎదురైనది మొదట ఓడించిన దక్షిణ కొరియాయే.

ఆ దినములలో జకార్తాలో మనవారిపై తీవ్రమైన ఆగ్రహముండెను. ఇజ్రాయేలు, తైవాను దేశములవారిని ఆ క్రీడలకు రానీయక పోవుటను భారతదేశపు ప్రతినిధి గురుదత్ సోంధీ గారు ఆక్షేపించుటయే దానికి కారణము. మన రాయబార కార్యాలయముపై సైతము దాడి జరిగెను. సెప్టెంబరు 4వ తేదీని మనవారు మైదానమున అడుగిడినపుడు వేలకొలది ప్రేక్షకులు వారిని కేకలతో ఎగతాళి చేసిరి. జట్టులో పలువురు గాయపడియుండిరి. రహీమ్ గారు అట్టి సమయమున కలవరపడక లెక్క వేసికొనిరి. తలకు కట్టుతోనున్న జర్నయిల్ సింగ్ గారిని వెనుక రక్షణలో నుంచక ముందువరుసలో నడుమ నిలిపిరి. దక్షిణ వియత్నాముతో జరిగిన పోటీలో పరీక్షించిన ఈ యేర్పాటునే తుదిపోటీలోను కొనసాగించిరి. గోలు కాచుటకు హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ గారిని దింపిరి. బలరామ్, యూసుఫ్ ఖాన్ అను హైదరాబాదు శిష్యులును ఆ పదునొకండుగురిలో నుండిరి. ఆట మొదలైన ఇరువది నిమిషములలోపలనే పి. కె. బెనర్జీ గారు ఒక గోలును, జర్నయిల్ సింగ్ గారు ఒక గోలును చేసిరి. చివరి నిమిషములలో కొరియావారు ఒకటి తిరిగి చేసినను, మనవారు 2-1 తో గెలిచిరి. కేకలు వేసిన ఆ సభయెదుటనే మన జాతీయగీతము మ్రోగెను.

ఆ విజయము తర్వాత రహీమ్ గారు ఎక్కువ కాలము జీవింపలేదు. 1963వ సంవత్సరము జూన్ నెల 11వ తేదీని తమ యేబదిమూడవ యేట దేహమును చాలించిరి. వారి కుమారులగు ఎస్. ఎస్. హకీమ్ గారు 1960లో రోమునకు వెళ్లిన జట్టులోనివారే. వారును 2021లో పరలోకగతులైరి.

గురువు పోయిన పిదప ఏమయ్యెనో చూచినగాని గురువు విలువ తెలియదు. 1960 తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్ క్రీడలకు మరల అర్హత పొందలేదు. 1962 తర్వాత ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారు పతకము మనకు నేటివఱకు దక్కలేదు. దీనికి కారణములనేకములు గలవు. ఒక్కరి మరణమే కారణమని చెప్పరాదు. అయినను మాకు ఒకటి మాత్రము స్పష్టముగా తోచుచున్నది. పతకములు జకార్తాలో దొరకవు. అవి చిన్న ఊళ్ల మైదానములలో, పొట్టివారి పోటీలలో, బలహీనమైన కాలి సాధనలో, అద్దె సైకిలుపై తయారగును. పై కొమ్మను చూచి సంతోషించి, వేరునకు నీరు పోయుట మఱచినచో చెట్టు ఎంతకాలము కాయును?

ప్రియవిద్యార్థులారా, మీకు ఏ పాఠము కఠినమో, ఏ పని చేతగాదో దానిని దాచుకొనవలదు; దానినే ప్రతిదినము కొంచెము సాధన చేయుడు. బంతి మీ కాలికి వచ్చినపుడు తోటివాని చోటును చూడుడు. తలిదండ్రులారా, సాయంకాలమున ఒక గంట మైదానమున గడుపు బాలుడు చెడిపోవునని భయపడవలదు. అచ్చట వాడు నేర్చుకొను ఓర్పు, వినయము, సహకారము జీవితమంతయు వానికి తోడుండును. ఉపాధ్యాయసోదరులారా, రహీమ్ గారికి ధనము లేదు, అధికారము లేదు. ఉన్నదెల్ల ప్రతి బాలునియందును ఏదో యొక శక్తి దాగియున్నదను నమ్మకమును, దానిని వెదకు ఓపికయును మాత్రమే. ఆ రెండును మన పాఠశాలలోను ఉండదగినవే. పేరు ప్రతిష్ఠలు వచ్చినను రాకున్నను ఆ పనిని మనము చేయుదుము గాక.